కోత పెడితే ఆలస్యం ఎందుకు పెరిగింది?
పనిచోట మనుషుల గురించి పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఉమ్మడి వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి వచ్చాయి. పేర్లు తీసేసి, ఊరు, పని మాత్రమే ఉంచాం. ఒకే రకం ప్రశ్నలను కలిపి ఒకదానిగా వేశాం.

ప్రశ్న: జమ్మికుంట దగ్గర మాకు పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు ఉంది. సీజన్‌ల నలభై రెండు మంది పని చేస్తరు. పొద్దున ఎనిమిదింటికి రావాలె. పోయిన సీజన్‌ల రోజుకు నలుగురైదుగురు పది పదిహేను నిమిషాలు లేటయ్యేటోళ్లు. ఈసారి లేటయితే యాభై రూపాయలు కోత అని బోర్డు పెట్టినం. ఇప్పుడు రోజుకు పది మంది దాకా లేటుగ వస్తున్నరు, అదీ అరగంట. అడిగితే ‘కోసుకుంటున్నరు గద సేఠ్’ అంటున్నరు. కోత వంద చెయ్యమంటరా?

జవాబు: వద్దు. ముందు ఆ బోర్డు తీయండి.

ఇజ్రాయెల్‌లో హైఫా నగరంలోని పది పిల్లల సంరక్షణ కేంద్రాల్లో అచ్చం ఇదే పరీక్ష చేశారు. ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. సాయంత్రం పిల్లలను తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని ఆరు కేంద్రాల్లో పది నిమిషాలు దాటితే పది షెకెల్‌ల జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు సరికదా, కొన్ని వారాల్లో దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు ఆలస్యమైతే టీచరమ్మను నిలబెట్టామే అన్న మొహమాటం ఉండేది. జరిమానా వచ్చాక అది పోయి, డబ్బు కట్టి వాడుకునే సౌకర్యమైంది. ఆ తర్వాత జరిమానా ఎత్తేశారు. అయినా ఆలస్యాలు పాత స్థాయికి దిగలేదు. ఒకసారి పోయిన మొహమాటం బోర్డు తీసినంత మాత్రాన తిరిగి రాదు. మీ దగ్గరా కొన్ని వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి.

చట్టం సంగతి కూడా చూసుకోండి. ఒక వేతన కాలంలో జరిమానాలన్నీ కలిపి జీతంలో 3 శాతం మించకూడదు. రోజుకు 500 చొప్పున 26 రోజులకు 13,000 అనుకుంటే 3 శాతం అంటే 390. యాభై చొప్పున ఏడుసార్లు కోస్తే 350, ఎనిమిదో కోతకు మీరు గీత దాటినట్టే. పైగా జరిమానా వేసే ముందు కార్మికుడి వివరణ వినాలి, రిజిస్టర్లో రాయాలి, వసూలైన డబ్బు కార్మికుల మేలుకే ఖర్చు పెట్టాలి. పని చేయని సమయానికి కూలి ఇవ్వకపోవడం వేరే లెక్క. 500 కూలికి ఎనిమిది గంటల పనైతే పావుగంట విలువ పదిహేను, పదహారు రూపాయలు. మీరు కోస్తున్నది యాభై. ఆ తేడా మీ కంటే మీ పనివాళ్లకే బాగా తెలుసు.

ఇక చేయాల్సింది. ఒక వారం పాటు ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎందుకు ఆలస్యమైంది అన్నది కోపం లేకుండా రాయించండి. సగం మంది ఒకే దారి నుంచి, ఒకే బస్సులోనో షేర్ ఆటోలోనో వస్తున్నట్టు తేలితే సమయాన్ని ఎనిమిదింబావుకు జరిపి సాయంత్రం పావుగంట పెంచితే సరిపోతుంది. దాన్ని క్రమశిక్షణ సమస్యగా చూడడమే పొరపాటు.

రెండోది, మిల్లుల్లో చాలామంది గమనించనిది. మస్టర్ ఎనిమిదింటికి వేస్తారు గానీ రోలర్లు, నైఫ్‌లు చూసుకుని మెషిన్లు తిరిగేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. ఈ అరగంట ఊరికే నిలబడడమే అని పనివాడికి రెండు రోజుల్లో అర్థమవుతుంది. ఎనిమిదింటికి వచ్చినవాడికి ఎనిమిదింటికే చేతిలో పని ఉండాలి. ఫలానా మనిషికి ఫలానా మెషిన్ అని రాసిపెట్టి, తిప్పే ముందు చూసుకునే పని వాళ్లకే అప్పగించండి.

మూడోది, ఆలస్యం వల్ల ఎవరికి ఇబ్బందో ఎదురుగా కనపడాలి. రెండు షిఫ్టులు నడుస్తుంటే రాత్రి మనిషి పొద్దుటి మనిషి వచ్చి మెషిన్ అందుకున్నాకే దిగాలి, మెషిన్ అప్పగించే ఆ పది నిమిషాలకూ ఇద్దరికీ కూలి కట్టాలి. ఆఫీసులో కూర్చున్న సేఠ్‌కు చెప్పే సంజాయిషీ వేరు, రాత్రంతా నిలబడి ఇంటికి పోవాలని చూస్తున్న తోటివాడికి చెప్పే సంజాయిషీ వేరు.

ఆలస్యమైన మనిషితో ఆ రోజే, పక్కకు పిలిచి, రెండు నిమిషాలు మాట్లాడండి. ఏమైంది, నీకోసం ఎవరు ఆగారు, రేపు ఎట్లా? ఈ మూడే. పాత చిట్టా విప్పొద్దు. నెలలో మూడోసారైతే రాతపూర్వకంగా చెప్పండి. అయినా మారనివాడు ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ల సంగతి వాళ్లతో తేల్చుకోవాలి, వాళ్లకోసం నలభై రెండు మందికి బోర్డు పెట్టకూడదు. హాజరు బోనస్ ఇవ్వాలనిపిస్తే నెలకు కాకుండా వారానికి ఇవ్వండి. నెల బోనస్ మూడో తారీఖునే పోగొట్టుకున్నవాడికి మిగతా ఇరవై ఏడు రోజులు తొందరపడే కారణం ఉండదు.

ప్రశ్న: మడికొండలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్‌ఆర్ ట్రైనీని. మనిషి పుట్టుకతోనే సోమరి, స్వార్థపరుడు, భయం లేనిదే పని చేయడు అంటారు మా పై అధికారి. మనిషి పుట్టుపూర్వోత్తరాలు చదివినవాళ్లు దీనికి ఏమంటారు?

జవాబు: మీ అధికారి నమ్మకానికి మేనేజ్‌మెంట్ చదువులో 1960 నుంచే ఒక పేరుంది. డగ్లస్ మెక్‌గ్రెగర్ దాన్ని థియరీ ఎక్స్ అన్నాడు. అందులోని చిక్కు కూడా ఆయనే చెప్పాడు. మనుషులు సోమరులని నమ్మినవాడు పగ్గాలు బిగిస్తాడు, బిగించేకొద్దీ జనం చెప్పినంత వరకే చేసి ఊరుకుంటారు, అది చూసి ‘చూశారా, నేను చెప్పలేదూ’ అంటాడు. తన లెక్క తప్పని అతనికి తెలిసే దారే ఉండదు.

పుట్టుపూర్వోత్తరాల మాటకొస్తే, మన జాతివిగా గుర్తించిన అతి పాత ఎముకలు మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికినవి. అవి సుమారు మూడు లక్షల ఏళ్ల నాటివని 2017లో తేల్చారు. మన తెలుగు నేల మీదే నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, ఎక్కడో ఇండోనేషియాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద పొర ఉంది. వయసు దాదాపు 74 వేల ఏళ్లు. ఆ పొర కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. వాటిని చేసింది మనలాంటి మనుషులేనా అన్నదానిపై వాదన ఇంకా నడుస్తోంది. వ్యవసాయం మొదలై పన్నెండు వేల ఏళ్లకు అటూ ఇటూ. వరంగల్ మనిషి షిఫ్టు లెక్కన పనికి పోవడాన్ని ఆజంజాహీ మిల్లు పెట్టిన 1934 నుంచి లెక్కేసినా ఇంకా వందేళ్లు నిండలేదు. అంటే మనిషి బుర్ర తయారైన కాలంలో నూటికి తొంభై ఐదు వంతులకు పైగా వేట, సేకరణలతోనే, ఎక్కువగా చిన్న గుంపుల్లోనే గడిచింది.

ఆ గుంపుల్లో పెద్దరికం ఎలా ఉండేదో ఊహించడానికి ఇటీవలి వేట జీవనాల పరిశీలన పనికొస్తుంది. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో జున్త్వాసి జనం మధ్య 1960లలో ఉన్న మానవశాస్త్రవేత్త రిచర్డ్ లీ ఒక ఆచారం రాశాడు. పెద్ద జంతువును కొట్టిన వేటగాడిని ఎవరూ పొగడరు. ఈ బక్క ప్రాణి కోసమా ఇంత దూరం నడిపించావు అని ఎగతాళి చేస్తారు. ఎక్కువ మాంసం తెచ్చిన కుర్రవాడు తానే పెద్దనని అనుకుంటాడని, అది గుంపుకు చేటని వాళ్ల లెక్క. క్రిస్టఫర్ బోమ్ అనే మానవశాస్త్రవేత్త ఇలాంటి ఎన్నో సమాజాల వివరాలు కూర్చాడు. పెత్తనం చేసేవాడిని ముందు నవ్వులపాలు చేస్తారు, తర్వాత మాట వినడం మానేస్తారు, ఇంకా ఆగకపోతే విడిచి వెళ్లిపోతారు.

ఆఫీసుల్లో అధికారికి మారుపేరు పెట్టడం, మీటింగ్‌లో తలాడించి బయటికొచ్చాక చేయకపోవడం, ఒకరి వెనక ఒకరు రాజీనామా ఇవ్వడం: వరస అదే. దాన్ని సోమరితనం అనుకుంటే మందు తప్పుతుంది. మాంసాన్ని పంచుకు తిన్న మనుషులు స్వభావరీత్యా సోమరులు కారు. పెత్తనాన్ని మాత్రం ఓర్చుకోరు. మీ అధికారిని ఒక వారం పాటు తాను ఇచ్చిన ఆదేశాలు రాసుకోమనండి. అందులో ఆదేశం అక్కర్లేనివి ఎన్నో విడగొట్టమనండి. పని ఏ వరసలో చేయాలి, విరామం ఎప్పుడు, జట్టులో ఎవరికి ఏ భాగం అన్నవి సాధారణంగా జట్టుకే వదిలేయొచ్చు. గడువు, నాణ్యత, ఖర్చు ఈ మూడూ ఆయన దగ్గరే ఉండనివ్వండి.

ఒక హెచ్చరిక. ఆదిమానవుడు ఇలా ఉండేవాడు కాబట్టి ఆఫీసు ఇలాగే ఉండాలని తేల్చి చెప్పే శిక్షకులు ఈమధ్య ఎక్కువయ్యారు. వేట, సేకరణలతో బతికినవాళ్లంతా ఒక్కలా లేరు. ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో చేపల మీద బతికిన జాతుల్లో దొరలూ ఉన్నారు, బానిసలూ ఉన్నారు. స్వభావం ఎటు మొగ్గుతుందో పరిణామం చెబుతుంది. ఏది న్యాయమో అది చెప్పదు.

ప్రశ్న: హన్మకొండలో బట్టల షోరూం. పద్నాలుగు మంది సిబ్బంది. ఐదేళ్లుగా పనిచేస్తున్న సేల్స్ అమ్మాయికి 12,000 ఇస్తున్నాం. దసరా ముందు మనుషులు దొరక్క కొత్త అబ్బాయిని 14,000కు తీసుకున్నాం. ఎవరికీ చెప్పొద్దన్నాం. వారంలో అందరికీ తెలిసింది. ఆ అమ్మాయి పని మానలేదు గానీ మొహం మాడ్చుకుని ఉంటోంది, కస్టమర్‌కు నాలుగు చీరలు చూపించి ఊరుకుంటోంది. ఆమె జీతం మేం తగ్గించలేదు కదా?

జవాబు: తగ్గించలేదు, నిజమే. కానీ జీతాన్ని ఎవరూ ఒంటరిగా చూసుకోరు, పక్కవాడి జీతం పక్కన పెట్టి చూసుకుంటారు. ఈ చూపు మనిషికి ముందు నుంచే ఉందేమో అనిపించే ప్రయోగం 2003లో సారా బ్రాస్నన్, ఫ్రాన్స్ డి వాల్ అనే పరిశోధకులు చేశారు. కాపుచిన్ కోతులు చిన్న రాయి అందిస్తే దోసకాయ ముక్క ఇచ్చేవారు. పక్కపక్కన ఉన్న రెండు కోతులూ దోసకాయే తింటున్నంతసేపు గొడవ లేదు. పక్క కోతికి అదే పనికి ద్రాక్షపండు ఇవ్వగానే మొదటి కోతి దోసకాయ తీసుకోవడానికి మొరాయించడం ఎక్కువైంది. తర్వాత ఇతరులు చేసిన కొన్ని ప్రయోగాల్లో ఈ ఫలితం రాలేదు కాబట్టి కోతుల సంగతి అక్కడ వదిలేద్దాం. మనుషుల విషయంలో సందేహం తక్కువ. 1982 నుంచి ఎన్నో దేశాల్లో ఆడించిన పంపకం ఆట ఒకటుంది. కొంత డబ్బులో నీకింత అని ఒకరు చెబుతారు. రెండోవారు కాదంటే ఇద్దరికీ సున్నా. నూటికి ఇరవై లోపు ఇస్తామంటే చాలామంది కాదనే అంటారు. తమకు రావాల్సింది పోగొట్టుకునైనా సరే.

మీ అమ్మాయి చూపించని ఐదో చీర ఆ లెక్కే.

మొదట, ఆమెనూ అతన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరిదీ ఒకే పనైతే, స్త్రీ అన్న కారణంతో తక్కువ ఇవ్వడం చట్టం ఒప్పుకోదు. కారణం అది కాదని మీరన్నా, కాగితం మీద వేరే కారణం కనపడాలి. ఆమెను వెంటనే కనీసం 14,000కు తేవడమే శుభ్రమైన పని. ఏడాదికి 24,000 అదనం. అనుభవం ఉన్న మనిషి పండగ సీజన్‌లో మానేస్తే పోయే అమ్మకం ముందు ఇది పెద్ద మొత్తం కాదు.

తర్వాత పద్నాలుగు మందికీ మూడు మెట్లు కట్టండి: కొత్తవారు, సొంతంగా కౌంటర్ చూసేవారు, కొత్తవాళ్లకు నేర్పేవారు. ఒక్కో మెట్టుకు కింది జీతం, పై జీతం, పై మెట్టుకు పోవాలంటే ఏం రావాలి అన్నది ఒక్క కాగితంలో రాసి అందరికీ చదివి వినిపించండి. ఎవరికెంతో గోడకు అంటించక్కర్లేదు. ఎందుకంతో మాత్రం ఎవరడిగినా మీరు ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. సీజన్ గిరాకీ వల్ల ఎక్కువ ఇవ్వాల్సి వస్తే దాన్ని జీతంలో కలపకుండా ‘దసరా వరకు’ అని విడిగా రాసివ్వండి, పాతవాళ్లకూ ఇవ్వండి. ఎవరికీ చెప్పొద్దు అన్న మాట ఇంకెప్పుడూ అనకండి. ఆ మాట విన్న క్షణమే అందులో ఏదో ఉందని అవతలివాళ్లకు తెలిసిపోతుంది.

ప్రశ్న: నాకు ఇరవై నాలుగేళ్లు. జనగామ దగ్గర మా మహిళా సంఘం స్కూల్ యూనిఫారాలు కుడుతుంది. పద్దెనిమిది మెషిన్లు. ట్రైనింగ్ అయ్యొచ్చిన్నని నన్ను సూపర్‌వైజర్‌ను చేసిన్రు. అందరు నాకన్న పెద్దోళ్లే. ఒకామెకు యాభై రెండు. కాలర్ వంకర పోయిందంటే ‘నువ్వు పుట్టకముందు సంది కుడుతున్న బిడ్డా’ అంటది, మిగతావాళ్లు నవ్వుతరు. పోయిన లాట్‌ల రెండు వందల షర్టులల్ల ముప్పై వాపస్ వచ్చినయి. గట్టిగ మాట్లాడాల్నా?

జవాబు: గట్టిగా మాట్లాడితే ఆ నవ్వు ఆగుతుంది, కాలర్ మాత్రం వంకరగానే ఉంటుంది. వరసలు మార్చే ప్రయత్నం చేయకండి. ఆమె మిమ్మల్ని బిడ్డా అననీ, మీరు చిన్నమ్మా అనే పిలవండి. మార్చాల్సింది ఏమిటంటే, షర్టు బాగుందా లేదా అని తేల్చే అధికారాన్ని మీ నోటి నుంచి తీసి ఒక వస్తువు మీద పెట్టడం.

అన్ని కొలతలూ సరిగ్గా ఉన్న ఒక షర్టును అందరూ చూస్తుండగా కుట్టించి, లాట్ ఇచ్చినవాళ్ల చేత సంతకం చేయించి, హ్యాంగర్‌కు తగిలించండి. పక్కన మూడు కొలతలు రాయండి. రెండు కాలర్ మొనల పొడవులో తేడా 2 మిల్లీమీటర్లు దాటొద్దు. అంగుళానికి 10 నుంచి 12 కుట్లు. బటన్‌కూ కాజాకూ వరస కలవాలి. కుట్లు లెక్కపెట్టడానికి అంగుళం స్కేలు కుట్టు మీద పెడితే చాలు. ఇక మీరు బాగాలేదు అనక్కర్లేదు. షర్టునూ స్కేలునూ ఆమె చేతికే ఇవ్వండి, కొలిచేది ఆమే.

కాలర్ ఎందుకు వంకర పోతుందో కూడా చెప్పుకుందాం. తప్పు మనిషిదా, పద్ధతిదా తేలాలంటే అది తెలియాలి. మెషిన్‌లో కింది పళ్లు కింది పొరనే ముందుకు లాగుతాయి, పై పొర, బట్టను నొక్కి పట్టే ఫుట్ కింద ఒత్తుకుని కొంచెం వెనకబడుతుంది. మెడ చుట్టూ ఒక కొస నుంచి మరో కొసకు కుట్టుకుంటూ పోయేసరికి ఆ కొంచెం కొంచెం కలిసి నాలుగైదు మిల్లీమీటర్లవుతుంది, చివరి మొన దగ్గర బట్ట మిగులుతుంది. మందు ఏమిటంటే, కత్తిరించేటప్పుడే కాలర్ నడిమధ్యన, రెండు భుజాల దగ్గర చిన్న గాట్లు పెట్టాలి. మెడ పట్టీ మీద కూడా అవే మూడు. గాటుకు గాటు కలిపి పిన్ను పెట్టాక కుట్టాలి. ఫుట్ ఒత్తిడి ఒక చుట్టు తగ్గించాలి. కొత్త బట్ట రాగానే రెండు పీసులు కుట్టి చూడాలి, ఎందుకంటే పాలిస్టర్ ఎక్కువున్న బట్ట ఇంకా జారుతుంది. మీ ముప్పై వాపసుల్లో ఎన్ని ఒకే కట్ట నుంచి వచ్చాయో చూడండి. ఒకే కట్టవైతే తప్పు కుట్టిన చేతిది కాదు, కత్తిరించిన చోటిది.

తనిఖీ సాయంత్రం కాదు. ఇరవై పీసుల కట్టలో మొదటి ఐదు పూర్తవగానే చూడాలి. ఐదింటిలో తప్పు దొరికితే మిగతా పదిహేను బతుకుతాయి. కట్టకో చీటీ కట్టి నంబరు వేయండి. చెప్పేటప్పుడు దూరం నుంచి కేకేయకుండా మెషిన్ దగ్గరికెళ్లి, వంగి, పీసు చేతిలో పట్టుకుని చెప్పండి.

ఇక ఆమె సంగతి. మనుషుల్లో పెద్దరికం రెండు దారుల్లో వస్తుందని జోసెఫ్ హెన్రిక్, ఫ్రాన్సిస్కో గిల్ వైట్ అనే పరిశోధకులు 2001లో వివరించారు. ఒకటి బెదిరింపుతో వచ్చేది, జంతువుల్లో కనిపించేదీ అదే. రెండోది పనితనం చూసి జనం తమంత తాముగా ఇచ్చేది, నేర్చుకోవాలని దగ్గర చేరేది. మీ షెడ్డులో ఈ రెండోది ఆ చిన్నమ్మ దగ్గరుంది. మీ దగ్గరున్నది సంఘం ఇచ్చిన బాధ్యత. ఆమెతో పోటీ పడితే మీరే ఓడిపోతారు. గాట్ల పద్ధతిని మొదట ఆమెకే, ఎవరూ లేనప్పుడు చూపించండి. ఆమె ఒప్పుకున్నాక మిగతావాళ్లకు నేర్పే పని ఆమెకు అప్పగించండి. నేర్పిన గంటలకు పీసు లెక్క నష్టం రాకుండా చూడండి. ఇది మర్చిపోతే మిగతాదంతా వృథా. తన కూలి పోగొట్టుకుని ఇతరులకు నేర్పమంటే ఎవరూ నేర్పరు. రెండు మూడు వారాలు గడిచాకా నవ్వులు ఆగకపోతే సంఘం సమావేశంలో పెట్టండి. వ్యక్తి మీద కాదు, వాపసు లెక్క మీద.

ప్రశ్న: కరీంనగర్‌లో డయాగ్నస్టిక్ సెంటర్. పద్దెనిమిది మందితో మొదలుపెట్టాం. ఇప్పుడు మూడు బ్రాంచీలు, తొంభై ఐదు మంది. అప్పట్లో చెప్పకుండానే పనులు అయ్యేవి. ఇప్పుడు శాంపిల్ బల్ల మీద గంటసేపు పడి ఉన్నా ఎవరూ ముట్టుకోరు. మనుషులు మారిపోయారా?

జవాబు: మనుషులు మారలేదు, సంఖ్య మారింది. రాబిన్ డన్బర్ అనే పరిశోధకుడు 1990ల మొదట్లో కోతిజాతుల మెదడు పరిమాణాన్ని, గుంపు పరిమాణాన్ని పోల్చి, మనిషి నిజంగా సంబంధం నిలుపుకోగలిగేది సుమారు 150 మందితో అన్నాడు. ఆ అంకెను చాలామంది మంత్రంలా వల్లిస్తారు. 2021లో స్వీడన్ పరిశోధకులు మళ్లీ లెక్కేసి, ఆ పద్ధతిలో వచ్చే హెచ్చుతగ్గులు ఎంత పెద్దవంటే ఒకే అంకె చెప్పడం కుదరదన్నారు. కాబట్టి 150 లోపే ఉన్నాం కదా అని నిశ్చింతగా ఉండకండి. మీకు పనికొచ్చేది అంతకంటే పాతది. మ్యాక్స్ రింగెల్‌మన్ అనే ఫ్రెంచ్ ఇంజినీరు తాడు లాగించి కొలిచాడు, 1913లో అచ్చయింది. ఇద్దరు కలిసి లాగితే ఒక్కొక్కరి పట్టు ఒంటరిగా లాగినప్పటి కంటే కొంచెమే తగ్గింది, ఎనిమిది మందైతే దాదాపు సగానికి పడింది. కొంత లాగే సమయం కలవక, కొంత ఎవరి వాటా ఎంతో తెలియక. కారణం రెండూ అని తర్వాతి ప్రయోగాలు చూపాయి.

మీ బల్ల మీది శాంపిల్ అందరి పని, అందుకే ఎవరి పనీ కాదు. రక్తం గడ్డకట్టడానికి అరగంట ఇచ్చి కణాలను విడదీసే సెంట్రిఫ్యూజ్‌లో వేయకుండా వదిలేస్తే కణాలు గ్లూకోజ్‌ను వాడుకుంటూనే ఉంటాయి. గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. ఇంకా ఆలస్యమైతే పొటాషియం ఎక్కువ చూపిస్తుంది. రోగికి తప్పు రిపోర్టు పోతుంది.

తొంభై ఐదు మందిని ఆరు నుంచి తొమ్మిది మంది జట్లుగా విడగొట్టండి, జట్టుకో బాధ్యుడు. శాంపిల్ చేతులు మారే ప్రతిచోటా సమయం, పేరు రాయాలి: తీసినవారు, అందుకున్నవారు, మెషిన్‌లో పెట్టినవారు. ఇనీషియల్స్ కాదు, పూర్తి పేరు. రోజూ షిఫ్టు మొదట పది నిమిషాలు నిలబడి మాట్లాడుకోవడం జట్టులోనే జరగాలి, తొంభై ఐదు మంది వాట్సాప్ గ్రూపులో కాదు. ఆ గ్రూపులో ‘ఎవరైనా చూడండి’ అని పెట్టిన మెసేజ్‌కు బొటనవేలి బొమ్మలు తప్ప ఏమీ రావు.

ప్రశ్న: నిజామాబాద్‌లో పసుపు ప్యాకింగ్. వంద గ్రాముల ప్యాకెట్‌కు అరవై పైసల గుత్త. ఒకామె రోజుకు తొమ్మిది వందల ప్యాకెట్లు చేసేసరికి రేటు యాభై పైసలు చేశాం. ఇప్పుడు ఎనిమిది మందీ సరిగ్గా ఆరు వందలకు ఆగిపోతున్నారు, ఒక్కటి ఎక్కువ కాదు. మాట్లాడుకుని చేస్తున్నారా?

జవాబు: మాట్లాడుకునే ఉంటారు, అక్కర్లేకపోయినా. షికాగో దగ్గరి హాథార్న్ ఫ్యాక్టరీలో 1931-32లో వైర్లు బిగించే విభాగంలోని పద్నాలుగు మందిని ఒక గదిలో కూర్చోబెట్టి గమనించారు. ఎక్కువ చేస్తే ఎక్కువ డబ్బు వచ్చే పద్ధతే. అయినా రోజుకింత అని తమలో తాము గీత గీసుకుని అక్కడే ఆగారు. గీత దాటినవాడికి పేర్లు పెట్టారు, భుజం మీద ఒక దెబ్బ కూడా వేసేవారు. ఎక్కువ చేస్తే యజమాని రేటు తగ్గిస్తాడన్నది వాళ్ల భయాల్లో ఒకటి. మీ దగ్గర అది భయం కాదు, జరిగిపోయింది. తొమ్మిది వందలు చేసిన ఆమెకు 540 రావాల్సింది 450కి దిగింది. ఆరు వందల దగ్గర ఆగినవాళ్లకు కూడా అరవై రూపాయలు పోయాయి, ఆమె వల్లే పోయాయని వాళ్లు అనుకుంటారు.

రేటు అరవైకి తిరిగి తెండి. మెషిన్ గానీ ప్యాకెట్ సైజు గానీ మారితే తప్ప ఏడాది వరకు తగ్గించమని రాసి సంతకం చేసివ్వండి. మీరు ఇచ్చేది ఎంత తక్కువ చేసినవారికైనా కనీస వేతనం కంటే తగ్గకూడదు. డబ్బు మిగుల్చుకోవాలంటే రేటులో కాదు, తూకంలో వెతకండి. ప్యాకెట్‌కు 102 గ్రాములు పడుతుంటే ఆరు వందల ప్యాకెట్లకు 1.2 కిలోల పసుపు, ఎనిమిది మందికి కలిపి రోజుకు తొమ్మిదిన్నర కిలోలకు పైగా ఊరికే పోతుంది. కాంటాలను పొద్దునా మధ్యాహ్నమూ వంద గ్రాముల తూకపురాయితో సరిచూడండి. పసుపు పొడి ప్లేటు కింద చేరితే కాంటా తప్పు చూపిస్తుంది, గంటకోసారి బ్రష్‌తో తుడవాలి.

ప్రశ్న: ములుగు రోడ్డులో బైక్ సర్వీసింగ్ సెంటర్. తొమ్మిది మంది మెకానిక్‌లు. మేడారం జాతరకు అందరికీ ఒకేసారి సెలవు కావాలంటారు. కాదంటే చెప్పకుండా నాగా పెడతారు.

జవాబు: జాతర రెండేళ్లకోసారి మాఘ పున్నమి రోజుల్లో వస్తుంది, నెలల ముందే తేదీలు తెలుస్తాయి. హఠాత్తుగా వచ్చే ఇబ్బంది కాదు. అమ్మవార్లు గద్దెలకు చేరే రోజులు, ఆ తర్వాతి రోజులు అని రెండు బ్యాచ్‌లు చేయండి. ఏ బ్యాచ్‌లో ఎవరో మీరు నిర్ణయించొద్దు, అందరి ముందూ చీటీలు తీయించండి. తమకు నచ్చని ఫలితాన్ని కూడా జనం ఒప్పుకుంటారు, తేల్చిన తీరు తమ కళ్ల ముందు జరిగితే. మొక్కు ఉన్నవాళ్లు, కొత్తగా పిల్లలు పుట్టినవాళ్లు చీటీలు మార్చుకోవాలంటే వాళ్లలో వాళ్లే మార్చుకోనివ్వండి, మీకు చెబితే చాలు. రెండో బ్యాచ్‌లో పడ్డవాళ్లకు వచ్చే సద్దుల బతుకమ్మ, దసరా సెలవులు ముందుగా కోరుకునే హక్కు రాసివ్వండి. చీటీలు నెలన్నర ముందే తీయండి, బండ్లు బుక్ చేసుకున్నాక తీస్తే ఎవరూ వినరు. ఆ నాలుగు రోజులు పెద్ద ఇంజిన్ పనులు ఒప్పుకోకండి. జాతర దారిలో పంక్చర్లు, క్లచ్ వైర్లు, చైన్లే ఎక్కువ వస్తాయి, వాటికి నలుగురు చాలు.